పేరు పెట్టి పిలిచిన మనిషి
(సిస్టరమ్మ స్మారకోపన్యాస పాఠం)



ఇక్కడ పెట్టిన ఫొటో కింద సిస్టరమ్మ పూర్తి పేరు రాసి ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు తక్కువ. ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా, ఉద్యోగ జీవితమంతా గడిపిన ఆమె పెద్దలకీ పిల్లలకీ సిస్టరమ్మే. నేనూ అలాగే పిలుస్తాను. నేను డాక్టర్ని కాబట్టి అంటువ్యాధుల గురించో, ప్రజారోగ్యం గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. ఆమె పేరిట జరిగే సభలో నాకు వేరే సంగతి మాట్లాడాలనిపించింది. ఊరు ఊరంతా భయంతో బిగుసుకుపోయిన వేళ ఒక మనిషి ఇంకో మనిషికి చేసే చిన్న సాయం ఎంతవరకు పనికొస్తుంది? మనసుకు కాస్త ఊరటనిచ్చి ఊరుకుంటుందా, ప్రాణం కూడా నిలబెడుతుందా? నిలబెడుతుందని నా నమ్మకం. ఎలా నిలబెడుతుందో ఆమె వెనక తిరిగి తెలుసుకున్నాను. అదే మీ ముందు పెడతాను.

1977 నవంబరు 19, శనివారం. ఆ రోజేం జరిగిందో ఈ గ్రంథాలయం హాల్లో ఉన్న పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పిల్లల కోసం రెండు మాటలు. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణమ్మ సముద్రంలో కలిసేలోపు తన పాయల మధ్య పట్టుకున్న నేల మన దివిసీమ. మూడు పక్కల నీళ్లు, అంతా పల్లం. ఆ రోజు తుపానుతో పాటు సముద్రం దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి పల్లెలు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. ఆ లెక్కను ఈ సీమలో ఎవరూ ఒప్పుకోరు, ఇంకా ఎక్కువేనంటారు. వారం ముందే ఒక తుపాను తమిళనాడు తీరాన్ని తాకి వెళ్లింది. ఇది కూడా అటే పోతుందిలే అనుకున్నవాళ్లు చాలామంది అని సిస్టరమ్మ చెప్పేది. రేడియో ఉన్న ఇల్లే అరుదు. హెచ్చరిక వచ్చిందనే సంగతి కూడా తెలియకుండా కొట్టుకుపోయినవాళ్లు ఎందరో.

ఆ తర్వాత లోకం స్పందించింది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు. మదర్ థెరిసా వచ్చారు. అప్పుడు విద్యామంత్రిగా ఉన్న మన మండలి వెంకట కృష్ణారావు గారు ఈ బురదలో ఎలా తిరిగారో మీ ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రామకృష్ణ మిషన్ ఇళ్లు కట్టించింది. ఇవన్నీ చరిత్రలో నిలిచాయి, నిలవాలి కూడా.

అయితే సిస్టరమ్మను ఆ రోజుల గురించి అడిగితే ముందు ఇవి చెప్పేది కాదు. అప్పటికి ఆమె ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. సెలవు మీద గుడివాడ దగ్గర పుట్టింటికి వెళ్లడం వల్ల బతికింది. నీళ్లు తీసిన తర్వాత, దారి దొరికినంత మేర నడుచుకుంటూ తిరిగి వచ్చింది. ఒక ఊరి చివర తుమ్మకంపల చాటున అయిదారుగురు ఆడవాళ్లు ఉన్నారట. ఎంత పిలిచినా బయటికి రారు. ఉప్పెన వాళ్లను ముళ్లకంపల మీదుగా ఈడ్చుకెళ్లి ఒంటి మీద నూలుపోగు లేకుండా చేసింది. తాగేందుకు నీళ్లు లేవు, బావులన్నీ ఉప్పుకయ్యలయ్యాయి. తిండి లేదు. అయినా వాళ్లు అడిగింది నీళ్లు కాదు, గుడ్డ. అప్పుడు ఒక పెద్దావిడ, తన ఇంట్లోనూ ఇద్దరు పోయిన మనిషి, కట్టుకున్న చీరను సగానికి చింపి కంపల మీదుగా లోపలికి విసిరింది. అది చూసి ఇంకో ఆమె, ఇంకో ఆమె. ఆ తర్వాతే వాళ్లు బయటికొచ్చి నీళ్లు తాగారు, గాయాలకు మందు వేయించుకున్నారు. "ఆ సగం చీర లేకపోతే నా మందుల పెట్టె ఎందుకూ కొరగాకపోయేదండి" అనేది సిస్టరమ్మ. నర్సు ఆ మాట అనడం నాకు చాలా పెద్ద పాఠం. చికిత్స మొదలు కావడానికి ముందు మనిషి మనిషిగా కనపడగలగాలి. ఆ చోటు ఏర్పాటు చేసింది వైద్యశాఖ కాదు, ఒక సగం చీర.

ఇంకొకటి చెప్పేది. శిబిరానికి వచ్చిన ఒక కాలేజీ కుర్రాడు బస్తాలు మోయలేకపోతే అతన్ని ఒక మూల కూర్చోబెట్టారు. అతను పోస్టుకార్డులు తెప్పించుకుని, బతికి బయటపడ్డవాళ్ల తరఫున చుట్టాలకు రాయడం మొదలుపెట్టాడు. ఫలానా నేను బతికే ఉన్నాను, ఫలానావాళ్లు కనపడలేదు. అంతే సమాచారం. బియ్యం వరసలో కన్నా ఆ కుర్రాడి ముందు వరస పొడుగ్గా ఉండేదట. ఇల్లూ, సొమ్మూ, సంతానమూ పోయిన మనిషి తన పేరు ఒక కాగితం మీద చూసుకోవడానికి గంటలు నిలబడ్డాడంటే ఉప్పెన అతని నుంచి తీసుకుపోయిందేమిటో మనం ఆలోచించాలి. భయం మనిషిని మందలో ఒకడిగా మార్చేస్తుంది. శవాల లెక్క, శరణార్థుల లెక్క, పొట్లాల లెక్క. ఆ లెక్కలు అవసరమే. కానీ లెక్కలోంచి ఒక్కొక్కరినీ మళ్లీ పేరున్న మనిషిగా బయటికి తీసే పని ఎవరో ఒకరు చేయాలి.

ఇక నేను కళ్లారా చూసింది 1990. ఆ ఏడాదే ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరాను. మే 9న తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. బలంలో అది 1977 నాటి దానికి తీసిపోనిది. అయినా ఈసారి రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వెయ్యికి లోపే. వెయ్యి తక్కువని నేను అనడం లేదు, ఒక్కటి పోయినా ఆ ఇంటికి అదే ఉప్పెన. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే రాడార్ వచ్చింది. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. ప్రభుత్వం నేర్చుకుంది. ఇది ఘనంగా చెప్పుకోదగ్గ సంగతి.

అయితే ఆరు లక్షల మందిని తరలించారన్న వాక్యం కాగితం మీద ఒక్క వరుస. నేల మీద అది ఎలా జరిగిందో చెబుతాను.

జీపులో మైకు పెట్టి ఊరంతా చాటారు. లారీలు వచ్చి నిలబడ్డాయి. సగం ఊరు కదిలింది. మిగతా సగం కదల్లేదు. అప్పుడు సిస్టరమ్మ తన సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. అది ప్రభుత్వ రిజిస్టరు కాదు, ఆమె సొంతంగా రాసుకున్నది. ఇంటింటికీ ఒక పేజీ. ఒక పేజీలో 'అవ్వకు చెవులు వినపడవు'. ఇంకో పేజీలో 'కోడలికి నెలలు నిండాయి'. మరో పేజీలో 'రేచీకటి, సాయంత్రం అయితే బయటికి రాడు'. ఇంకోచోట 'కొడుకుతో మాటల్లేవు, చివరి పాకలో విడిగా ఉంటోంది'. ఆ చివరి పాకలో ఉన్నామెకు మైకు వినిపించింది. కానీ కొడుకు ఎక్కిన లారీ ఎక్కనని భీష్మించుకుని కూర్చుంది. సిస్టరమ్మ ఆమెను రెండో లారీ ఎక్కించింది. అంతే. తగువు తీర్చే ప్రయత్నం చేయలేదు, హితబోధ చేయలేదు. రెండో లారీ ఉంది, అందులో చోటుంది.

ఒక ముసలాయన కదలనన్నాడు. గేదె చూడితో ఉంది, దాన్ని వదిలి రానన్నాడు. నేను కుర్ర డాక్టర్ని, కోపం వచ్చింది. గాలి వేగం గురించీ, అలల ఎత్తు గురించీ ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. సిస్టరమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా పాకలోకి వెళ్లి గేదె పలుపు విప్పింది. పక్కింటి కుర్రాణ్ని కేకేసి, "ఒరేయ్, దీన్ని మెరక మీది బడి దాకా తోలుకుపో. సాయంత్రం బాబాయి వచ్చి అడిగితే చూపించాలి" అంది. గేదె కదిలింది. గేదె వెనకే ముసలాయన కదిలాడు. ఆ రాత్రి ఆయన బడి వసారాలో గేదె పక్కనే పడుకున్నాడు.

తర్వాత అడిగాను, మైకులో అంత గట్టిగా చెప్పినా వీళ్లు ఎందుకు కదలరమ్మా అని. "మైకులో చెబితే ఊళ్లో ఇంకెవరికో చెబుతున్నారనుకుంటారండీ. పేరు పెట్టి పిలిస్తేనే తమకని తెలుస్తుంది" అంది. నా వైద్య చదువులో ఎవరూ చెప్పని మాట. రాడారు చూసింది నిజం, హైదరాబాదు నుంచి జిల్లాకు, మండలానికి హెచ్చరిక చేరింది నిజం. అంత దూరం నుంచి వచ్చిన హెచ్చరిక చివరి పది గజాలు మాత్రం ఒక మనిషి కాళ్ల మీదే నడవాలి. ఆ పది గజాలు ఎవరూ నడవకపోతే వెనక జరిగిందంతా వృథా. అందుకే చిన్న సాయాన్ని పెద్ద ఏర్పాటుకు బదులుగా చూపించేవాళ్లతో నేను ఏకీభవించను. 1977లో ఇరుగుపొరుగుకు ప్రేమ తక్కువై జనం చనిపోలేదు. షెల్టరు లేక, హెచ్చరిక అందక చనిపోయారు. ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేసి తీరాలి. అది చేశాక కూడా ఒక తలుపు తట్టే చెయ్యి కావాలి. రెండూ కావాలి.

ఇది మన దగ్గరే కాదు. 1995 జూలైలో అమెరికాలోని చికాగో నగరాన్ని వడగాలులు చుట్టుముట్టాయి. కొద్ది రోజుల్లో మామూలు కన్నా ఏడు వందల మందికి పైగా ఎక్కువ చనిపోయారు. అక్కడ ఆసుపత్రులకు కొదవ లేదు, డబ్బుకు కొదవ లేదు. చనిపోయినవారిలో చాలామంది ఒంటరిగా ఉండే వృద్ధులు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని మీద ఒక పుస్తకమే రాశారు. పక్కపక్కనే ఉన్న రెండు పేటలను ఆయన పోల్చి చూశారు. రెండింటిలోనూ పేదరికం ఉంది, ఒంటరి ముసలివాళ్లు ఉన్నారు. ఒకదానిలో చావులు చాలా ఎక్కువ, రెండోదానిలో చాలా తక్కువ. తక్కువగా ఉన్న పేటలో వీధులు జనంతో, దుకాణాలతో కళకళలాడుతూ ఉండేవి. ముసలివాళ్లు బయటికి రావడానికి జంకేవారు కాదు. వాళ్లు కనపడకపోతే ఎవరో ఒకరికి తెలిసేది. మొదటి పేటలో దుకాణాలు మూతపడి, ఇళ్లు ఖాళీ అయి, ఉన్నవాళ్లు తలుపులు బిగించుకుని బతికేవారు. ఆ తలుపుల వెనకే పోయారు.

మనకు 2015 మే నెల గుర్తుండే ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. చలివేంద్రం పెట్టడం మన ఊళ్లలో పాత ఆచారం. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ చలివేంద్రం దాకా నడిచి రాలేని మనిషి సంగతి ఆ రోజుల్లో ఎవరు చూశారు?

కరోనా వేరు. ఉప్పెన వచ్చినప్పుడు భయం మనుషులను దగ్గరికి తోస్తుంది. ఒకే కప్పు కింద, ఒకే వసారాలో. కరోనాలో పక్క మనిషే భయమయ్యాడు. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. మర్నాడే హైదరాబాదు హాస్టళ్లలోంచి పిల్లలు ఖాళీ చేసి బయటపడ్డారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర అటూ ఇటూ కాకుండా గంటల తరబడి రోడ్డు మీద నిలబడిపోయారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. వలస కూలీల కోసం దేశంలోనే మొదటి రైలు లింగంపల్లి నుంచి హటియాకు దాదాపు పన్నెండు వందల మందితో బయల్దేరింది మే 1న. అంటే అయిదు వారాలకు పైగా గడిచాక. ఆ అయిదు వారాలూ రోడ్డు వెంట నడిచినవాళ్లను నిలబెట్టింది రోడ్డు పక్క ఊళ్లవాళ్లు పెట్టిన అన్నం, మజ్జిగ, పాత చెప్పులు.

అదే రోజుల్లో ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులను, డాక్టర్లను ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్లూ ఉన్నారు. దేశంలో చాలాచోట్ల జరిగింది. వైద్య సిబ్బంది మీద దాడులు చేస్తే శిక్షించడానికి ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒక మృతదేహాన్ని జేసీబీలో వేసి శ్మశానానికి తరలించిన దృశ్యం మన రాష్ట్రంలోనే చూశాం. అలా చేసినవాళ్లంతా దుర్మార్గులని నేను అనుకోను. ముందటి సంక్రాంతికి అదే నర్సు ఇంటికి అరిసెలు పంపినవాళ్లే వాళ్లు. భయం అంత పని చేస్తుంది. అందుకే ఆ భయాన్ని దాటి ఒక్క అడుగు ముందుకేసినవాళ్లను నేను మర్చిపోలేను. తిరుపతిలో ముస్లిం యువకులు, అయినవాళ్లు దగ్గరికి రాని హిందువుల మృతదేహాలకు వాళ్ల ఆచారం ప్రకారమే అంత్యక్రియలు జరిపించారు. చనిపోయినవారికి దాని వల్ల ఒరిగేదేమీ ఉండదని ఎవరైనా అనవచ్చు. దూరంగా క్వారంటైన్‌లో కూర్చుని, కన్నతండ్రి కట్టెకు నిప్పు పెట్టలేకపోయిన కొడుకును అడగండి, ఏం ఒరిగిందో చెబుతాడు.

సిస్టరమ్మ అప్పటికి రిటైరై కొన్నేళ్లయింది. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. గడప దాటవద్దని పిల్లలు కట్టడి చేశారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో దెబ్బ తగిలినప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఒక మామూలు ఫోను. మళ్లీ ఒక నోట్‌బుక్ తెరిచింది. ఇంట్లోనే ఉండి మందులు వాడుతున్నవాళ్లకు పొద్దున, సాయంత్రం ఫోను చేసేది. ఆశా కార్యకర్తలు తీరిక లేక వెళ్లలేకపోయిన ఇళ్లు కూడా ఆమె ఫోను జాబితాలో ఉండేవి. ఆశాల సేవను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గౌరవించింది, సరైన గౌరవమే. కానీ ఒక్కో ఆశాకు ఎన్ని ఇళ్లో మీకు తెలుసు.

ఆమె ఫోను ఎలా మాట్లాడేదో నేను పక్కన కూర్చుని విన్నాను. "ధైర్యంగా ఉండు" అని ఎప్పుడూ అనేది కాదు. "ఇవాళ ఏం కూర? ఎంత తిన్నావు? నీళ్లు తాగావా? వేలికి ఆ మిషను పెట్టుకుని అంకె చెప్పు, నేను లైన్లోనే ఉంటా" అనేది. ఒకసారి ఒకతను తనకు బాగానే ఉందని, అంకె కూడా బాగానే ఉందని చెబుతున్నాడు. ఆమె అతన్ని ఆపి, "ఒక్క నిమిషం మాట్లాడండి, మీ ఇంట్లో బియ్యం ఎక్కడ కొంటారో చెప్పండి" అంది. అతను చెబుతూ వాక్యం మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాడు. ఆమె వెంటనే అతని భార్యను పిలిపించి అంకె మళ్లీ చూడమంది. ఆక్సిజన్ అంకె 94 కన్నా తగ్గితే ఆగకూడదని అప్పుడు అందరికీ చెబుతున్నాం. అతనికి 89 ఉంది. భార్య భయపడుతుందని అబద్ధం చెప్పాడు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చారు, బతికాడు. ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పవద్దన్నాడు కాబట్టి చెప్పను.

బియ్యం ఎక్కడ కొంటారని అడగడం చిన్న మాట. కానీ ఆ మాట అడగడానికి ఆమె పొద్దున్నే ఫోను చేసి ఉండాలి, నిన్న కూడా చేసి ఉండాలి, అతని మామూలు గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలిసి ఉండాలి. మనం చిన్న సాయం అని పిలిచేవాటి వెనక ఇంత పని ఉంటుంది.

చిన్న సాయాలు ఇంత పని చేస్తాయని తెలిసినా మనం ఎందుకు వెనకాడతాం? నా వల్ల ఏమవుతుందిలే, ఫోను చేస్తే విసుక్కుంటారేమో, ఒక గిన్నెడు పులుసు పంపితే నవ్వుకుంటారేమో. ఈ సంకోచం గురించి అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక ప్రయోగం చికాగోలో చలికాలం మంచు మీద స్కేటింగ్ చేసే పార్కులో జరిగింది. అక్కడికి వచ్చినవాళ్ల చేత ముక్కూమొహం తెలియనివాళ్లకు వేడి చాక్లెట్ పానీయం ఇప్పించారు. తీసుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారని ఇచ్చినవాళ్లు అనుకున్నారో, దానికన్నా తీసుకున్నవాళ్ల సంతోషం ఎక్కువగా తేలింది. ఇచ్చేవాళ్లు వస్తువు విలువ చూస్తారు, పుచ్చుకునేవాళ్లు తమను ఒకరు తలుచుకున్నారన్నది చూస్తారు. సరదా సమయంలోనే అలా ఉంటే, చావు భయం ఇంట్లో కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో ఊహించండి.

ఒక్క విషయంలో నేను కటువుగా మాట్లాడతాను, మన్నించండి. కరోనాలో కూరగాయల సంచి ఇచ్చి, పుచ్చుకున్న మనిషిని పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నవాళ్లను చూశాను. ఆ ఫొటో భయంతో, తమ సంగతి నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గుతో అవసరం ఉన్నా రానివాళ్లనూ చూశాను. ఆనాడు తుమ్మకంపల చాటున ఉన్న ఆడవాళ్ల దగ్గరికి ఎవరైనా కెమెరా పట్టుకుని వెళ్లి ఉంటే వాళ్లు బయటికి వచ్చేవారా? సాయం పొందిన మనిషి తలెత్తుకుని నడవగలిగితేనే అది సాయం. సిస్టరమ్మ నోట్‌బుక్ ఆమె పోయేదాకా ఆమె సంచి దాటి బయటికి రాలేదు. కుటుంబం నాకు చూపించింది, చూసి తిరిగి ఇచ్చేశాను.

స్మారక సభలో దండలకు, శాలువాలకు ఖర్చు పెట్టవద్దని కుటుంబం కోరింది. ఆ డబ్బుతో గ్రంథాలయంవాళ్లు వీధికొకటి చొప్పున లాంగ్ నోట్‌బుక్‌లు కొన్నారు. బయట బల్ల మీద ఉన్నాయి. మీ వీధిలో ఒంటరిగా ఉన్నవాళ్లు, చెవులు వినపడనివాళ్లు, మంచం మీద ఉన్నవాళ్లు, నెలలు నిండినవాళ్లు, పిల్లలు దూరదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఎవరెవరో, వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే రాయండి. ప్రతి పేరు ఎదురుగా తలుపు తట్టవలసిన ఒకరి పేరు, ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండో వాళ్ల పేరు కూడా రాయండి. పుస్తకం వీధిలో నమ్మకమైన ఒకరి దగ్గరే ఉంచండి. అక్టోబరు, నవంబరు మన తుపాను నెలలు. సెప్టెంబరు ఆఖరుకల్లా ఈ పుస్తకాలు పూర్తి చేయాలని మీ అందరినీ కోరుతున్నాను.